గట్టి మనిషి అనే మాట వెనుక

"ఆమెకేం, గట్టి మనిషి." ఈ మాట మనం ఎంతమందిని గురించి, ఎన్నిసార్లు అని ఉంటాం! భర్త వదిలేస్తే ముగ్గురు పిల్లల్ని ఒంటిచేత్తో చదివించుకున్న స్త్రీని గురించి అంటాం. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగి తిరిగి చివరికి కేసు నమోదు చేయించిన స్త్రీని గురించి అంటాం. పదేళ్ళుగా సెలవన్నది ఎరగకుండా పనిచేస్తున్న మన కార్యకర్తను గురించి సభల్లో మైకు ముందు అంటాం. మెచ్చుకోలుగానే అంటాం. కానీ ఆ మాట అనేశాక ఆమె సంగతి ఇక పట్టించుకోనక్కర్లేదన్న నిశ్చింత కూడా మనకు కలుగుతుంది. ఆ నిశ్చింతను గురించి మనం ఎప్పుడైనా ఆలోచించామా?

కొన్నేళ్ళ క్రితం ఒక శిక్షణా తరగతిలో నేను కూడా ఒక కౌన్సెలర్‌ను అలాగే నలుగురిలో మెచ్చుకున్నాను. సాయంత్రం ఆమె వచ్చి నా పక్కన కూర్చుని, "అక్కా, మీరు అందరి ముందూ అలా అన్నాక నాకు బాగాలేదని ఇంక ఎవరితో చెప్పుకోను?" అని అడిగింది. ఎనిమిది నెలలుగా ఆమెకు రాత్రిళ్ళు నిద్ర లేదు. రక్తపోటు మాత్రలు చేతిసంచిలో పెట్టుకుని, రోజుకు ఐదారుగురు స్త్రీలు చెప్పే దెబ్బల కథలు విని, ఇంటికి వెళ్ళి వంట చేస్తోంది. ఆ సంగతి ఆమె పనిచేసే సంస్థలో ఎవరికీ తెలియదు. అడిగినవాళ్ళు లేరు. నేనూ అడగలేదు.

ఆమె ప్రశ్నకు ఆ రోజు నా దగ్గర జవాబు లేకపోయింది. అమెరికాలో నల్లజాతి స్త్రీల మానసిక ఆరోగ్యంపై జరిగిన పరిశోధనలు చదువుతున్నప్పుడు అదే ప్రశ్న మళ్ళీ ఎదురైంది. దాన్ని వేసినవారిలో ఎక్కువమంది నల్లజాతి స్త్రీలే. మనస్తత్వ శాస్త్రంలో, నర్సింగ్‌లో, ప్రజారోగ్యంలో పనిచేస్తూ, తమ తల్లులను, అత్తలను, తమను తామే పరిశోధనాంశంగా చేసుకుని, "గట్టి మనిషి" అన్న బిరుదు ఎక్కడి నుంచి వచ్చింది, దాని ఖరీదు ఎవరు కడుతున్నారు అని అడిగారు. ఆ పరిశోధనలు మన గురించి రాసినవి కావు. వాళ్ళ చరిత్ర వాళ్ళది. దాన్ని మన కథకు ఉపమానంగా వాడుకునే ముందు, అది వాళ్ళ కథగానే తెలుసుకోవాల్సిన బాధ్యత మనకు ఉంది.

నల్లజాతి స్త్రీ గట్టిది అన్న మాటకు బానిసత్వానికి ఉన్నంత వయసుంది. పత్తి చేలల్లో ఆమె చేత మగవాళ్ళతో సమానంగా పని చేయించారు. ఆమె కన్న బిడ్డ యజమాని ఆస్తి. ఆ బిడ్డను అమ్మేసిన మర్నాడు కూడా ఆమె చేలోకి వెళ్ళాల్సిందే. ఇంత క్రూరత్వాన్ని మామూలు విషయంగా చూడగలగాలంటే యజమాని వర్గానికి ఒక నమ్మకం అవసరమైంది: వీళ్ళకు మనలాగా నొప్పి తెలియదు, మనలాగా దుఃఖం కలగదు. ఆ నమ్మకానికి శాస్త్రం ముసుగు తొడిగే పని వైద్యులు చేశారు. అలబామా రాష్ట్రంలో 1845-49 సంవత్సరాల మధ్య జె. మారియన్ సిమ్స్ అనే వైద్యుడు అనార్కా, లూసీ, బెట్సీ అనే బానిస స్త్రీలపైనా, పేరు కూడా మిగలని మరికొందరిపైనా, మత్తు మందు లేకుండా పదే పదే ఆపరేషన్లు చేసి, కాన్పులో ఏర్పడే ఫిస్టులాకు చికిత్స సాధించాడు. చరిత్ర అతన్ని ఆధునిక స్త్రీ వైద్యానికి పితామహుడంది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం పెట్టింది. ఆ విగ్రహాన్ని 2018లో గానీ తొలగించలేదు. 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే మరో వైద్యుడు, బానిసలు పారిపోవాలనుకోవడం ఒక మానసిక వ్యాధి అని రాసి, దానికి "డ్రాపెటోమేనియా" అని పేరు కూడా పెట్టాడు. స్వేచ్ఛ కోరుకోవడం జబ్బు, నొప్పి భరించడం స్వభావం! మానసిక ఆరోగ్య శాస్త్రంతో నల్లజాతి ప్రజలకు మొదటి పరిచయం ఇలా జరిగింది.

ఇది పాత కథ అని కొట్టిపారేయడానికి వీల్లేదు. వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 222 మంది తెల్లజాతి వైద్య విద్యార్థులను, రెసిడెంట్ డాక్టర్లను ప్రశ్నించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. నల్లవాళ్ళ చర్మం తెల్లవాళ్ళ చర్మం కంటే మందంగా ఉంటుందన్న రకం అపోహల్లో కనీసం ఒకదాన్నయినా వారిలో దాదాపు సగం మంది నిజమని నమ్ముతున్నారు. అలా నమ్మేవాళ్ళు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా అంచనా వేశారు, చికిత్స సూచించడంలోనూ పొరబడ్డారు. నూట డెబ్భై ఏళ్ళ తర్వాత, తెల్లకోటు వేసుకోబోతున్న పిల్లల బుర్రల్లో సిమ్స్ ఇంకా బతికే ఉన్నాడు.

"బలం" అన్న మాట మెచ్చుకోలుగానే కాక నేరారోపణగా కూడా వాడబడింది. 1965లో అమెరికా కార్మిక శాఖలో అధికారిగా ఉన్న డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ నల్లజాతి కుటుంబాలపై ఒక నివేదిక రాశాడు. నిరుద్యోగాన్నీ బానిసత్వపు వారసత్వాన్నీ ప్రస్తావిస్తూనే, నల్లజాతి కుటుంబంలో స్త్రీ పెత్తనం ఎక్కువైందనీ, మగవాడు కుంగిపోవడానికీ కుటుంబం చెదిరిపోవడానికీ అదొక ప్రధాన కారణమనీ అందులో తేల్చాడు. సంపాదించి పిల్లల్ని పెంచుకోక తప్పని పరిస్థితిలోకి నెట్టినవాళ్ళే, అలా పెంచుకున్నందుకు ఆమెను దోషిగా నిలబెట్టారు. అంతకు రెండేళ్ళ ముందే, 1963లో, శివారు కాలనీల మధ్యతరగతి గృహిణి అసంతృప్తిని గురించి బెట్టీ ఫ్రీడన్ రాసిన పుస్తకం అమెరికాను ఊపేసింది. ఆ అసంతృప్తి నిజమైనదే. అయితే అలాంటి ఇళ్ళలో గచ్చు తుడిచి, బిడ్డనెత్తుకుని, సాయంత్రం బస్సెక్కి తన బిడ్డల దగ్గరికి వెళ్ళిన నల్లజాతి పనిమనిషి మనసులో ఏముందో ఆ పుస్తకం అడగలేదు.

మనస్తత్వ శాస్త్రం లోపల మాత్రం ఆమెకు చోటుందా? మామీ ఫిప్స్ క్లార్క్ జీవితాన్ని చూస్తే తెలుస్తుంది. నల్ల బొమ్మ, తెల్ల బొమ్మ చూపించి ఏది మంచిదని పిల్లల్ని అడిగిన ప్రయోగాలు 1954లో బడుల్లో జాతి విభజన రాజ్యాంగ విరుద్ధమన్న సుప్రీంకోర్టు తీర్పులో ప్రస్తావనకు వచ్చాయి. వాటికి బీజం 1939లో పూర్తయిన మామీ ఎం.ఏ. పరిశోధనలో ఉంది. పేరు ఎక్కువగా ఆమె భర్త కెన్నెత్‌కు దక్కింది. 1943లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకున్నాక కూడా నల్లజాతి స్త్రీ కావడం వల్ల ఆమెకు తగిన ఉద్యోగం దొరకలేదు. చివరికి 1946లో భర్తతో కలిసి హార్లెంలో తానే పిల్లల మానసిక ఆరోగ్య కేంద్రం తెరిచారు. 1968లో నల్లజాతి మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రధాన సంఘంతో విభేదించి వేరే సంఘం పెట్టుకున్నారు. అది చాలా అవసరమైన పని. కానీ జాతి గురించి మాట్లాడినప్పుడు ముందుకు వచ్చింది మగవాడి గాయం. స్త్రీల గురించి మాట్లాడినప్పుడు ముందుకు వచ్చింది తెల్ల స్త్రీ గాయం. రెండింటి మధ్యా నిలబడ్డ నల్లజాతి స్త్రీని ఎవరూ రోగిగా కూడా చూడలేదు. ఆమె గట్టిది కదా!

ఈ మౌనాన్ని మొదట బద్దలు కొట్టింది విశ్వవిద్యాలయాలు కాదు, ఉద్యమాలు. 1977లో బోస్టన్‌కు చెందిన కంబాహీ రివర్ కలెక్టివ్ తన ప్రకటనలో జాతి, వర్గం, లింగం, లైంగికత పేరిట జరిగే అణచివేతలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉంటాయని చెప్పింది. 1979లో మిషెల్ వాలెస్ రాసిన పుస్తకం "సూపర్ వుమన్" అన్న కల్పనను పేరు పెట్టి ప్రశ్నించింది. సొంత సమాజం నుంచే ఆమె మీద విమర్శలు వెల్లువెత్తాయి. 1983లో బిల్లీ ఏవరీ నాయకత్వాన అట్లాంటాలోని స్పెల్మన్ కళాశాలలో నల్లజాతి స్త్రీల ఆరోగ్యంపై జాతీయ మహాసభ జరిగింది. అక్కడి నుంచి స్వయం సహాయక బృందాలు పుట్టుకొచ్చాయి. రక్తపోటు, మధుమేహం, శిశుమరణాల గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్న స్త్రీలు, ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదిరాక, మాట్లాడింది ఇంట్లో జరిగే హింస గురించి, చిన్నతనంలో జరిగిన లైంగిక అత్యాచారాల గురించి. హింసే తమవాళ్ళ మొదటి ఆరోగ్య సమస్య అని ఏవరీ ఆ తర్వాత రాశారు. ఈ అనుభవం మన పాఠకుల్లో చాలామందికి కొత్త కాదు. సంఘం మీటింగులో నడుం నొప్పి గురించి మొదలైన మాట ఎక్కడికి దారితీస్తుందో మనకు తెలుసు.

ఉద్యమం తెరిచిన ఈ దారిలో పరిశోధన తర్వాత నడిచింది. 2010లో షెరిల్ వుడ్స్-జిస్కోంబే ప్రచురించిన అధ్యయనం ఇందులో ఒక మైలురాయి. ఆమె 48 మంది నల్లజాతి స్త్రీలను ఎనిమిది బృందాలుగా కూర్చోబెట్టి, ఒత్తిడి గురించీ బలం గురించీ మాట్లాడించారు. వాళ్ళ మాటల్లోంచి ఐదు లక్షణాలను ఏరి, వాటన్నిటినీ కలిపి "సూపర్ వుమన్ స్కీమా" అన్నారు. ఎప్పుడూ బలంగా కనిపించాల్సిందే అన్న బాధ్యత. భావాలను అణుచుకోవాల్సిందే అన్న బాధ్యత. ఒకరి మీద ఆధారపడకూడదు, బేలగా కనపడకూడదు అన్న పట్టుదల. చేతిలో ఏమీ లేకపోయినా సాధించి తీరాలన్న తపన. తన సంగతి పక్కన పెట్టి అయినా పక్కవాళ్ళను ఆదుకోవాలన్న బాధ్యత. ఈ ఐదింటిలో ఏ ఒక్కటీ జబ్బు కాదు. మన పెళ్ళిచూపుల్లో, ఉద్యోగ ఇంటర్వ్యూల్లో, సన్మాన పత్రాల్లో వీటినే సుగుణాలంటాం.

ఆ స్త్రీలు చెప్పిన దాంట్లో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ఈ బలమే తమను, తమ కుటుంబాన్ని, తమ జాతిని నిలబెట్టిందని గర్వంగా చెప్పారు. దాని వల్లే దగ్గరవాళ్ళతో సంబంధాలు బీటలువారాయనీ, నిద్ర మానుకుని, తిండి మీద పడి ఒత్తిడిని దిగమింగుకున్నామనీ, చివరికి అది తలనొప్పిగా, గుండెదడగా ఒంట్లోంచి బయటికి వచ్చిందనీ కూడా చెప్పారు. అధ్యయనం చిన్నదే. అయితే "ఏం, అంతా బాగేనా?" అని అడిగితే "బాగే" అని జవాబిచ్చే స్త్రీ లోపల ఏం జరుగుతోందో వెతకడానికి పరిశోధకులకు అది ఒక భాషనిచ్చింది. ఆ తర్వాత అది కొలమానంగా మారి అనేక అధ్యయనాలకు ఆధారమైంది.

అయితే భారం మనసులో మాత్రమే ఉంటుందా? 1992లో ప్రజారోగ్య పరిశోధకురాలు అర్లీన్ జెరోనిమస్ ఒక చిక్కు ప్రశ్నను ముందుపెట్టారు. సాధారణంగా పదిహేను, పదహారేళ్ళ తల్లి బిడ్డ కంటే ఇరవైల్లో ఉన్న తల్లి బిడ్డ ఆరోగ్యంగా ఉండాలి. తెల్లజాతిలో అలాగే ఉంది. నల్లజాతిలో మాత్రం ఇరవైల్లో ఉన్న తల్లుల బిడ్డలే ఎక్కువగా చనిపోతున్నారు. అంటే నల్లజాతి స్త్రీ శరీరం యౌవనంలోనే అరిగిపోవడం మొదలవుతోంది. ఎండకు ఎండి, వానకు తడిసి, గాలికి కోసుకుపోయి బండరాయి కూడా కొంచెం కొంచెంగా శిథిలమైనట్లు, రోజూ ఎదురయ్యే వివక్ష, దాన్ని తట్టుకోవడానికి ఒళ్ళంతా కూడదీసుకుని చేసే ప్రయత్నం కలిసి మనిషిని లోపలి నుంచి తినేస్తాయని ఆమె సిద్ధాంతం. దానికి "వెదరింగ్" అని పేరు పెట్టారు. మొదట్లో ఈ మాటకు ఎగతాళే ఎదురైంది. 2006లో రక్తపోటు, రక్తంలో చక్కెర, కొవ్వు వంటి సూచికలన్నీ కలిపి ఒత్తిడి శరీరంపై వేసిన మొత్తం భారాన్ని లెక్కగట్టినప్పుడు, ఎక్కువ భారం పడే అవకాశం పేద నల్లజాతి స్త్రీలకు అందరికంటే అధికంగా ఉందని తేలింది. రెండో స్థానంలో ఉన్నది ఎవరు? పేదలు కాని నల్లజాతి స్త్రీలు! పేద తెల్ల స్త్రీలు కూడా వాళ్ళ తర్వాతే. 2010లో అదే పరిశోధకురాలు, సహచరులతో కలిసి, 49 నుంచి 55 ఏళ్ళ వయసు స్త్రీల జీవకణాలను పరిశీలించి, నల్లజాతి స్త్రీల శరీరాలు అదే వయసు తెల్ల స్త్రీల శరీరాల కంటే సుమారు ఏడున్నరేళ్ళు ముసలివైనట్లు అంచనా వేశారు.

చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, మంచి కాలనీలో ఇల్లు కట్టుకుంటే అన్నీ సర్దుకుంటాయని మనం కూడా నమ్ముతాం. ఆ నమ్మకాన్ని ఈ లెక్కలు ప్రశ్నిస్తున్నాయి. 2023లో అమెరికాలో ప్రతి లక్ష జననాలకు 50.3 మంది నల్లజాతి తల్లులు చనిపోయారు. తెల్లజాతి తల్లుల్లో ఆ సంఖ్య 14.5. నొప్పిగా ఉందని చెప్పినా నమ్మకపోవడం, ఆయాసంగా ఉందని చెప్పినా ఇంటికి పంపేయడం ఈ అంతరంలో ఎంత భాగమో ఆ దేశంలో నల్లజాతి తల్లులు సంవత్సరాలుగా చెబుతూనే ఉన్నారు. భరించగలదు అన్న పేరుకు చివరికి ఇదీ ఖరీదు.

ఇక్కడ ఒక వైరుధ్యం గురించి చెప్పాలి. 2001-03లో జరిగిన ఒక పెద్ద జాతీయ సర్వే ఫలితాలను 2007లో ప్రచురించారు. జీవితకాలంలో ఎప్పుడైనా తీవ్రమైన డిప్రెషన్‌కు లోనైనవారు తెల్లజాతిలో నూటికి 17.9 మంది, ఆఫ్రికన్ అమెరికన్లలో 10.4 మంది. ఇది స్త్రీ పురుషులందరినీ కలిపిన లెక్క. చూశారా, గట్టివాళ్ళే కదా అనిపిస్తుంది. కానీ ఒకసారి డిప్రెషన్ వస్తే అది వదలకుండా కొనసాగడం తెల్లజాతిలో నూటికి 38.6 మందిలో ఉంటే, ఆఫ్రికన్ అమెరికన్లలో 56.5 మందిలో ఉంది. అలా బాధపడుతున్న ఆఫ్రికన్ అమెరికన్లలో ఏదో ఒక చికిత్స అందింది నూటికి 45 మందికే. వచ్చేది తక్కువ, వచ్చాక పోయేది తక్కువ, వైద్యం అందేది ఇంకా తక్కువ.

మొదటి సంఖ్య అంత తక్కువగా ఎందుకుందన్నది ఇంకా తెగని చర్చ. కొందరు పరిశోధకులు ప్రశ్నపత్రాన్నే అనుమానిస్తున్నారు. "దిగులుగా ఉంటోందా? ఏడుపు వస్తోందా?" అని అడిగితే, ఏడవడానికి వీల్లేదని చిన్నప్పుడే నేర్చుకున్న స్త్రీ ఏం చెబుతుంది? ఆమె దిగులు చిరాకుగా, తీరని అలసటగా, పట్టని నిద్రగా, తనను తానే తిట్టుకోవడంగా బయటపడుతుంది. ఆ చిరాకును చూసి లోకం "నల్లజాతి ఆడవాళ్ళకు కోపమెక్కువ" అని ఇంకో ముద్ర వేస్తుంది. జబ్బు లక్షణం కాస్తా గుణదోషంగా మారిపోతుంది. ఆమె వెళ్ళి కూర్చునే గదిలో తనలాంటి మనిషి కనబడడం కూడా కష్టమే. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్తల్లో నల్లజాతివారు నూటికి ఐదుగురే. ఆ దేశపు ప్రధాన మనస్తత్వ శాస్త్ర సంఘం జాతి వివక్షను పెంచి పోషించడంలో తన పాత్రకు క్షమాపణ చెప్పుకున్నది 2021లో.

ఇంతవరకు చదివినవాళ్ళకు, అయితే ఈ "బలం" అన్నది ఒట్టి భ్రమ, దాన్ని వదిలించుకుంటే సరిపోతుంది అనిపించవచ్చు. మాకూ అలాగే అనిపించింది. 2019లో అమానీ అలెన్ బృందం ప్రచురించిన అధ్యయనం ఆ తొందరపాటును ఆపింది. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లోని 208 మంది నల్లజాతి స్త్రీలలో జాతి వివక్ష అనుభవాలనూ, సూపర్ వుమన్ లక్షణాలనూ, శరీరంపై పడిన ఒత్తిడి భారాన్నీ కలిపి చూశారు. బలంగా కనిపించడం, భావాలను అణుచుకోవడం అన్న రెండు లక్షణాలూ వివక్ష వల్ల కలిగే హాని నుంచి కొంత రక్షణ ఇస్తున్నట్లు తేలింది. హానిని పెంచుతున్నవి వేరే రెండు: ఎలాగైనా సాధించాలన్న తీవ్రమైన తపన, అందర్నీ ఆదుకోవాలన్న బాధ్యత.

ఈ ఫలితం దగ్గర ఆగి ఆలోచించాలి. అవమానించే అధికారి ముందు కన్నీళ్ళు ఆపుకోవడం స్త్రీకి చేతకానితనం కాదు, ఆత్మరక్షణ. ఆ కవచాన్ని బయటి నుంచి వచ్చినవాళ్ళు "విప్పెయ్, హాయిగా ఏడువు" అనడం తేలిక. విప్పాక కొట్టే దెబ్బలను ఎవరు ఆపుతారు? దెబ్బ కొట్టేవాడు అక్కడే ఉండగా కవచం గురించి ఉపన్యాసం ఇవ్వడం కౌన్సెలింగ్ అనిపించుకోదు. మరోపక్క, ఆమె ఆరోగ్యాన్ని నిజంగా తినేస్తున్నవి మనం చప్పట్లు కొట్టే గుణాలే. చేతిలో ఏమీ లేకుండా నెగ్గుకురావడం, ఇంటినీ వాడనూ సంఘాన్నీ భుజాన మోయడం. ఆ బరువు ఆమె నెత్తిన పెట్టి లాభపడుతున్న వాళ్ళలో ఆమెను ప్రేమించేవాళ్ళు కూడా ఉన్నారు. ఉద్యమాలూ ఉన్నాయి.

మరి దారి ఏమిటి? నల్లజాతి స్త్రీలు వెతుక్కుంటున్న దారులు కొన్ని ఉన్నాయి. కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆంజెలా నీల్-బార్నెట్ ఆందోళనతో, గుండె జారిపోయే భయంతో బాధపడే స్త్రీల కోసం "సిస్టర్ సర్కిల్స్" అనే పద్ధతిని రూపొందించి పరీక్షించారు. స్నేహితురాళ్ళు, చర్చిలో కలిసే స్త్రీలు అప్పటికే కూడుకునే చోట్లలోకే చికిత్స వెళుతుంది. అఫియా ఎంబిలిషాకా అనే మరో శాస్త్రవేత్త జుట్టు అల్లే సెలూన్లను ఎంచుకున్నారు. గంటల తరబడి కుర్చీలో కూర్చుని మనసు విప్పి మాట్లాడే చోటు అది. జుట్టు అల్లే స్త్రీలకు వినడం, గుర్తించడం, అవసరమైతే చికిత్సకు పంపడం నేర్పుతున్నారు. 2014లో జాయ్ హార్డెన్ బ్రాడ్‌ఫర్డ్ మొదలుపెట్టిన ప్రయత్నం వల్ల నల్లజాతి స్త్రీలు తమకు తగిన థెరపిస్టును వెతుక్కోవడం సులువైంది. స్త్రీని ఆసుపత్రికి రమ్మని పిలిచి, రాలేదని తప్పుపట్టకుండా, ఆమె ఉన్నచోటికే వెళ్ళడం వీటన్నిటిలో ఉన్న తెలివి.

అదే సమయంలో ఇంకొకటి కూడా జరిగింది. 1988లో ఆడ్రీ లార్డ్ క్యాన్సర్‌తో పోరాడుతూ తనను తాను కాపాడుకోవడం రాజకీయ చర్య అని రాశారు. చచ్చిపోతే పీడించేవాళ్ళకు లాభం కనుక బతకడమే ధిక్కారం అన్న అర్థంలో రాశారు. ఇవాళ ఆ మాట సువాసన కొవ్వొత్తుల మీదా, స్నానపు సబ్బుల మీదా అచ్చయి అమ్ముడుపోతోంది. ఆదివారం ఒక గంట నీ కోసం కేటాయించుకో, సోమవారం నుంచి మళ్ళీ మొయ్యి అని బజారు చెబుతోంది. ఒత్తిడికి కారణమైన జీతం, పనిగంటలు, పోలీసు, ఆసుపత్రి, ఇల్లు అన్నీ అలాగే ఉంచి, తట్టుకునే కళ నేర్పించడం గట్టిమనిషి పురాణానికే కొత్త అట్ట. ఇకపై బలంగా ఉండడంతో పాటు ప్రశాంతంగా కూడా ఉండాలన్నమాట!

ఈ ప్రశ్నలు అడిగే స్వేచ్ఛ మీద కూడా దాడి జరిగింది. 2025లో అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ జాతి, జెండర్, ఆరోగ్య అసమానతలకు సంబంధించిన వందలాది పరిశోధనలకు నిధులు రద్దు చేసింది. జూన్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఆ రద్దు చట్టవిరుద్ధమన్నారు. ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో ఆ రద్దును కొనసాగనిచ్చింది. నల్లజాతి స్త్రీలను విడిగా లెక్కించడమే వివక్ష అన్న వాదన పైకి వచ్చింది. లెక్కించకపోతే 50.3కీ 14.5కీ మధ్య అంతరం కనబడదు. కనబడనిదానికి ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మన సంగతి. 1991లో హైదరాబాద్‌లో స్త్రీల బృందం "సవాలక్ష సందేహాలు" పుస్తకం తెచ్చినప్పుడు, శరీరం గురించి డాక్టరు చెప్పిందే కాదు, స్త్రీలు చెప్పుకునేది కూడా జ్ఞానమే అన్న నమ్మకం మనకు కలిగింది. మనసు విషయంలో ఆ పని ఇంకా చాలా మిగిలి ఉంది. అందుకు అమెరికా కొలమానాలను తెలుగులోకి దించుకుని మన పల్లెల్లో పంచితే సరిపోదు. ఆ ప్రశ్నపత్రాలు వాళ్ళ చరిత్రలోంచి పుట్టాయి. మన దగ్గర దళిత స్త్రీ "కష్టజీవి, మొండిది, మగవాడికి భయపడదు" అన్న మాటలు ఎవరి నోటి నుంచి వస్తున్నాయో, వాటి వల్ల ఎవరి పొలంలో ఎవరి పని జరుగుతోందో మనం విడిగా అడగాలి. ఆ ప్రశ్న అడగాల్సింది, జవాబు రాయాల్సింది ముందుగా దళిత, ఆదివాసీ, ముస్లిం స్త్రీలు. మాలాంటి అగ్రకుల పరిశోధకులు ఇన్నాళ్ళూ వాళ్ళ ఓర్పును చూసి ముచ్చటపడి వ్యాసాలు రాశాం. ఆ ముచ్చటలో మా సౌకర్యం ఎంత ఉందో ఒప్పుకోవడం మా వంతు. అమెరికా ఆసుపత్రుల్లో తెల్లకోటు వేసుకున్న మన తెలుగు డాక్టర్లు, నర్సులు కూడా ఎందరో ఉన్నారు. తమ ముందు కూర్చున్న నల్లజాతి స్త్రీ నొప్పి అంటే వాళ్ళు ఎంత నమ్ముతున్నారన్నది మన ఇళ్ళలో రంగు గురించి మనం మాట్లాడే మాటలతో సంబంధం లేని విషయం కాదు.

సంస్థలు నడుపుతున్నవాళ్ళం వెంటనే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఒక కౌన్సెలర్ రోజుకు ఎన్ని కేసులు వినాలో ఒక హద్దు పెట్టుకోవచ్చు. వినేవాళ్ళ మాట వినడానికి నెలకొకసారి ఒక పూట కేటాయించి, దాన్ని పనిగానే లెక్కించవచ్చు. జీతంతో కూడిన సెలవును దయగా కాక హక్కుగా రాసిపెట్టుకోవచ్చు. ప్రాజెక్టు బడ్జెట్లో కార్యకర్తల ఆరోగ్యానికి డబ్బు అడగవచ్చు. నిధులిచ్చేవాళ్ళు కాదంటే, ఎందుకు కాదో రాతపూర్వకంగా అడగవచ్చు. ఇవేవీ వివక్షను అంతం చేయవు. మనం మోపుతున్న బరువును మాత్రం కొంత దించుతాయి.

మొదట చెప్పిన కౌన్సెలర్ మరుసటి ఏడాది ఉద్యోగం మానేసింది. ఆ సంవత్సరం నివేదికలో ఆమె పేరు పక్కన "అలుపెరగని" అన్న మాట అచ్చయింది. ఆ నివేదిక చూసిచ్చింది నేనే. ఆ మాట నాకు కనబడింది, కొట్టెయ్యాలని మాత్రం తోచలేదు. మీ సంస్థల నివేదికల్లో ఇలాంటి మాటలు ఎవరి పేర్ల పక్కన ఉన్నాయో ఒకసారి తీసి చూడండి. వాళ్ళు ఇప్పుడు ఎలా ఉన్నారో వెళ్ళి అడగండి. వాళ్ళు చెప్పింది, వాళ్ళ అనుమతితో, పేర్లు లేకుండా మాకు రాయండి. వచ్చే సంచికలో వాటి కోసం పేజీలు ఉంచుతున్నాం.